ఆర్‌సీ బ్యాటరీలకు ఎక్స్‌టీ60 కనెక్టర్: ఏళ్ల తరబడి వాడిన తరువాత

రిమోట్ కంట్రోల్ కార్లకు వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలకు, వాటిని కారుకు కలిపే టీ-ప్లగ్‌లు తీసేసి, ఎక్స్‌టీ60 కనెక్టర్లు వేసుకుని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. కరెంటును మోయడంలో రెండింటికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. అసలు తేడా టంకం వేసేటప్పుడే బయటపడుతుంది, నేను మారడానికి కారణం కూడా అదే.

టీ-ప్లగ్‌లో వైరును చదునైన రేకు మీద ఆనించి టంకం వేయాలి. వైరు జారిపోకుండా పట్టుకునేలోపే రేకు వేడెక్కి, దాని చుట్టూ ఉన్న నైలాన్ మెత్తబడి, రేకు కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. ఎక్స్‌టీ60లో పిన్ను వెనుక చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. ముందుగా అందులో టంకం కరిగించి, టంకం పట్టించిన వైరు కొసను దించి, కరిగిన టంకం వైరు చుట్టూ ఎగబాకి మెరిసే వరకు టంకం వేసే ఐరన్ ఆనించి తీసేస్తే చాలు. ఆ తరువాత మెరుపు సద్దుమణిగే దాకా వైరును కదపకూడదు. కదిలితే అతుకు గరుకుగా, మసకగా మారుతుంది. అలాంటి అతుకు పైకి గట్టిగానే కనిపించినా లోపల నిరోధం పెరుగుతుంది. 50 ఆంపియర్లు పారేటప్పుడు ఒక్క మిల్లీఓమ్ నిరోధం దగ్గరే 2.5 వాట్ల వేడి పుడుతుంది కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోలేం.

నైలాన్ కరగడానికి చాలామంది ఐరన్ మరీ వేడిగా ఉందనుకుంటారు కానీ, నా అనుభవంలో ఎక్కువసార్లు దీనికి కారణం ఐరన్ బలం చాలకపోవడమే. 12 గేజ్ సిలికాన్ వైరులోని రాగి వేడిని గబగబా లాగేసుకుంటుంది కాబట్టి, సన్నటి బిట్ (కొన) ఉన్న 25 వాట్ల ఐరన్‌ను ఎంతసేపు ఆనించినా టంకం సరిగా పారదు, ఈలోపు ప్లాస్టిక్ మాత్రం మెత్తబడుతుంది. 60 వాట్లకు తగ్గని ఐరన్, ఉలి ఆకారపు వెడల్పాటి బిట్, 350 నుంచి 400 డిగ్రీల వేడి ఉంటే పని కొద్ది సెకన్లలో ముగుస్తుంది. టంకం తీగ విషయంలో 63/37 తగరం-సీసం మిశ్రమమే నాకు నచ్చింది. అది 183 డిగ్రీల వద్ద ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. సీసం ఉంటుంది కాబట్టి గాలి ఆడేచోట పనిచేసి, చేతులు కడుక్కోవాలి. టంకం బాగా అంటుకోవడానికి పూసే ఫ్లక్స్ రోసిన్‌దే (చెట్టు జిగురుతో చేసినదే) వాడాలి, పైపుల పనికి వాడే ఆమ్లపు పేస్టు వైరును తినేస్తుంది.

టంకం వేసేటప్పుడు ఎదురు కనెక్టర్‌ను (జతలోని రెండో సగాన్ని) అందులో గుచ్చి ఉంచడం నాకు తప్పనిసరి అలవాటు. నైలాన్ కాస్త మెత్తబడినా పిన్నులు తమ చోటు వదలవు, వేడి కూడా కొంత అటువైపు పోతుంది. అయితే ఆ ఎదురు కనెక్టర్ వేరే దేనికీ కలిపి ఉండకూడదు. వేడి తగిలితే ముడుచుకుని అతుకును కప్పే ష్రింక్ స్లీవ్‌ను ముందే వైరుకు ఎక్కించి, వేడి తగలనంత దూరం జరిపి పెట్టుకోవాలి.

బ్యాటరీ వైపు మాత్రం పనిని తొందరపెట్టకూడదు. ప్యాకులో విద్యుత్తు ఎప్పుడూ ఉంటుంది గనుక రెండు వైర్లనూ ఒకేసారి కత్తిరిస్తే కట్టరే షార్ట్ చేస్తుంది. ఒక వైరును కత్తిరించి, అతికి, స్లీవ్ వేసి, అది చల్లారాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. పిన్నులు బయటికి కనిపించని సగమే బ్యాటరీకి ఉండాలి. ప్లస్, మైనస్ గుర్తులు ప్లాస్టిక్‌పై చిన్నగా ఉంటాయి, చదునైన అంచు ప్లస్, ఏటవాలు మూలలున్న అంచు మైనస్ అని చూసుకుంటే తికమక ఉండదు.

లోపాలూ ఉన్నాయి. కొత్తలో ఇవి ఎంత బిగుతుగా ఉంటాయంటే, ఊడదీయడానికి వేళ్లు నొప్పి పుడతాయి. అలాగని వైర్లు పట్టి లాగితే అతుకు దెబ్బతింటుంది. చాలాకాలం వాడాక పట్టు సడలి, నడిపి ఆపిన వెంటనే కనెక్టర్ చేతికి వేడిగా తగులుతుంది. నాలుగుగా చీలిన మగ పిన్ను పాయలను సన్నటి బ్లేడుతో కొద్దిగా విప్పితే కొంతకాలం లాగించవచ్చు. అయితే ఆ పిన్నులు ఇఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) వైపు ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీసేశాకే ఆ పని చేయాలి. పేరులోని 60 ఆంపియర్లను కొద్దిసేపటి గరిష్ఠంగానే లెక్కించాలి. ఒకచోట చవకగా దొరికిన నకళ్లలో అయితే టంకం పారకముందే పిన్నులు కదిలిపోయాయి, వాటిని పారేశాను.

మూడు సెల్‌ల ప్యాకుల దాకా ఎక్స్‌టీ60 నాకు చాలింది. ఆరు సెల్‌ల వాటికి, కలిపేటప్పుడు వచ్చే నిప్పురవ్వను లోపలి నిరోధకంతో ఆపే ఎక్స్‌టీ90-ఎస్ వేశాను. తక్కువ కరెంటుతో నడిచే చిన్న కార్లకు పాత టామియా కనెక్టర్లనే ఉంచేశాను.