పిక్సెల్ రేంజ్ తీయడానికి నంపైయా, ఓపెన్‌సీవీయా?

హన్మకొండలో ఇంజినీరింగ్ పిల్లల ఫైనలియర్ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే నాకు వరసగా ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇమేజ్‌ల పిక్సెల్ వాల్యూలు ఎంత నుంచి ఎంత దాకా ఉన్నయో తియ్యాలె. నంపై వాడాల్నా, ఓపెన్‌సీవీ వాడాల్నా?" రెండూ పైథాన్‌లో వాడే లైబ్రరీలే. రెండింట్లోనూ ఒక్క లైను పనే, జవాబూ ఒకటే వస్తుంది. అందుకే చాలా రోజులు "ఏదైనా ఒకటే తమ్మీ, చేతికి అలవాటైంది వాడుకో" అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు.

వేయిస్తంభాల గుడి దగ్గర నల్లరాతి నందిని ఆమధ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్‌తో ఫొటో తీశాను. వెలుతురు ఎంత మారిందో అంకెల్లో చూద్దామని గ్రేస్కేల్ చేసి నంపైలో మిన్, మాక్స్ అడిగాను. రెండు ఫొటోలకూ 0, 255 అనే వచ్చింది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లటి తెలుపు, ఎనిమిది బిట్ల ఇమేజ్‌లో అంతకు కిందా లేదు, పైనా లేదు. పొద్దుటి ఎండకు నున్నటి నంది వీపు తళతళలాడింది కాబట్టి ఆ 255ని నమ్మొచ్చు. మరి మబ్బు పట్టిన సాయంత్రం 255 ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

నంపై విలువ చెప్పి ఊరుకుంటుంది. ఓపెన్‌సీవీలోని మిన్‌మ్యాక్స్‌లోక్ ఆ విలువ ఏ చోట ఉందో కూడా చెప్తుంది. అది చూపించిన చోటికి వెళ్లి చూస్తే ఫొటో అడుగున కుడి మూల, ఫోన్ తెల్ల అక్షరాలతో కొట్టిన తేదీ! ఆ సున్నా కూడా రాతిది కాదు, అక్షరాల చుట్టూ గీసిన నల్ల అంచుది. అదే ఫంక్షన్‌కు మాస్క్ (ఏ పిక్సెళ్లను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే బొమ్మ) ఇచ్చి తేదీ ఉన్న పట్టీని పక్కన పెట్టేస్తే సాయంత్రం ఫొటోలో కనిష్ఠం 14, గరిష్ఠం 188 అని తేలింది.

నా మటుకు నాకు తేల్చేసే విషయం ఇదే. విలువతో పాటు చోటు తెలియకపోతే ఆ రేంజ్‌ను నమ్మాలో లేదో తెలియదు. చోటు చెప్పడానికి నంపైలోనూ ఆర్గ్‌మాక్స్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది ఇమేజ్ మొత్తాన్ని ఒకే వరసగా సాగదీసి ఒకే నంబరు ఇస్తుంది, దాన్ని మళ్లీ అడ్డవరస, నిలువువరసగా విడదీసుకోవాలి.

మిన్‌మ్యాక్స్‌లోక్‌కూ తిప్పలు లేకపోలేదు. కలర్ ఇమేజ్ ఇస్తే ఎర్రర్ కొడుతుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను ఒక్కోటీ విడిగా ఇవ్వాలి. అదే విలువ వెయ్యి పిక్సెళ్లలో ఉన్నా ఒక్క చోటే చూపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువమంది పడేది ఇక్కడ: అది ఎక్స్ ముందు, వై తర్వాత ఇస్తుంది, ఇమేజ్‌లోంచి ఆ పిక్సెల్ తీసేటప్పుడేమో వై ముందు రాయాలి. తిరగేయడం మరిచిపోయి గంటసేపు వేరే మూల వెతికినవాణ్ణి నేనే.

కలర్‌లో మూడు చానెళ్ల రేంజూ ఒకేసారి కావాలంటే మాత్రం నంపైయే హాయి, యాక్సిస్ (ఏ దిశల్లో లెక్కించాలో) చెప్తే చాలు. కాంట్రాస్ట్ పెంచడానికి రేంజ్ తీస్తున్నా నంపైయే. అయితే మిన్, మాక్స్ వద్దు, పర్సెంటైల్‌తో కింద ఒక శాతం, పైన ఒక శాతం పిక్సెళ్లను వదిలేసి 1, 99 దగ్గరి విలువలు తీసుకోండి. ఎక్కడో మెరిసిన నాలుగు పిక్సెళ్లు అప్పుడు లెక్క చెడగొట్టవు. శాటిలైట్ బొమ్మల్లో మిరప చేల పచ్చదనం లెక్కగట్టేవాళ్లకు నాన్ (NaN, అంటే అంకె లేని ఖాళీ) విలువలు తగులుతుంటాయి. ఒక్క నాన్ ఉన్నా మామూలు మిన్ నాన్ అనే చెప్తుంది, నాన్‌మిన్ వాడాలి.

పిల్లో అనే ఇంకో లైబ్రరీలో ఇదే పనికి గెట్ఎక్స్‌ట్రీమా ఉంది, బాగానే పనిచేస్తుంది. ఇక ఒక్కో పిక్సెల్‌నూ చూస్తూ పోయే ఫర్ లూప్ సంగతి: 4000 బై 3000 ఫొటో అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, లూప్ తిరిగేలోపు చాయ్ తాగి రావొచ్చు.

ఏది వాడినా, ముందు ఇమేజ్‌ను ఎలా చదివారో చూసుకోండి. ఓపెన్‌సీవీలో ఫైల్ చదివే ఇమ్‌రీడ్ మామూలుగా పదహారు బిట్ల ఫైల్‌ను కూడా ఎనిమిదికి దించేసి ఇస్తుంది. అన్‌చేంజ్డ్ ఫ్లాగ్ పెట్టకపోతే వేలల్లో ఉండాల్సిన మాక్సిమమ్ 255 దాటదు. విండోస్‌లో ఫైల్‌కు తెలుగులో 'నంది' అని పేరు పెడితే అసలు చదవకుండా None (ఏమీ లేదు) అని చేతిలో పెట్టడమూ మామూలే. నా ఫోల్డర్లో నంది ఇప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంది.