15 పిన్నుల పాత జాయ్‌స్టిక్‌కి యూఎస్‌బీ అడాప్టర్ కొంటున్నారా? కాస్త ఆగండి

మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత జాయ్‌స్టిక్ సైడ్‌వైండర్ ప్రెసిషన్ ప్రో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. పాత కంప్యూటర్లలో జాయ్‌స్టిక్ పెట్టే 15 పిన్నుల సాకెట్‌ని గేమ్‌పోర్ట్ అంటారు. "గేమ్‌పోర్ట్ టు యూఎస్‌బీ, అన్ని జాయ్‌స్టిక్‌లకూ పనిచేస్తుంది" అని ఆన్‌లైన్లో అమ్ముతున్న అడాప్టర్ మీకు పనికిరాదు. 1,450 రూపాయలు వదిలాక నాకు తెలిసొచ్చింది.

నాది గేమ్‌పోర్టుకీ యూఎస్‌బీకీ రెండిటికీ పనిచేసే రకం. తీగ చివర 15 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, దానికి తగిలించుకోవడానికి పెట్టెలోనే చిన్న యూఎస్‌బీ ముక్క ఇచ్చారు. ఇల్లు మారినప్పుడు ఆ ముక్క ఎక్కడో పోయింది. స్టిక్ మాత్రం అటక మీద భద్రంగానే ఉంది. మావాడు ఈ మధ్య విమానాల ఆటల్లో పడ్డాడు, ఇంత మంచి స్టిక్ ఉండగా కొత్తది కొనడం దేనికిలే అని అడాప్టర్ ఆర్డర్ పెట్టాను.

వచ్చింది. కనెక్టర్ కూడా చక్కగా కూర్చుంది. విండోస్‌లో జాయ్‌స్టిక్‌ని పరీక్షించే జాయ్ డాట్ సీపీఎల్ తెరిస్తే నాలుగు యాక్సిస్‌లు, నాలుగు బటన్లు అని కనిపించింది. సంతోషం అంతవరకే! టెస్ట్ బాక్సులో ప్లస్ గుర్తు ఓ మూలకి అతుక్కుపోయి కూర్చుంది. స్టిక్ ఎటు తిప్పినా కదలదు, ట్రిగ్గర్ నొక్కినా దీపం వెలగదు.

అమ్మినాయనకి మెసేజ్ పెడితే "డ్రైవర్ వేసుకోండి సార్, సీడీ ఇచ్చాం కదా" అన్నాడు. అరచేతిలో సగం కూడా లేని సీడీ అది. మా ఇంట్లో సీడీ డ్రైవ్ ఉండి ఎన్నేళ్లయిందో! పక్కింటాయన పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాం, లాభం లేదు. తర్వాత వేరే పోర్టులో పెట్టమన్నాడు, వేరే కంప్యూటర్లో చూడమన్నాడు, వీడియో తీసి పంపమన్నాడు. ఇలా తొమ్మిది రోజులు నడిపాడు. రిటర్న్ గడువు ఏడు రోజులు. ఆఖర్న "సీల్ విప్పేశారు కదా సార్" అని చేతులు దులుపుకున్నాడు. కాబట్టి మొదటిరోజు పనిచేయకపోతే చాటింగులో కూర్చోకండి, ముందు రిటర్న్ పెట్టేయండి.

అసలు సంగతి దాని డొక్క విప్పి చూశాక అర్థమైంది. లోపల చిన్న బోర్డు, దాని మీద నల్లటి బొట్టులా చిప్. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన గేమ్‌పోర్ట్ పద్ధతి వేరు. స్టిక్ లోపల 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగాలు) ఉంటాయి, స్టిక్ కదిలితే ఆ రెసిస్టెన్స్ మారుతుంది, పోర్టు దాన్ని కొలుస్తుంది. ఈ చిప్ చేసేదీ అదే. ప్రెసిషన్ ప్రోలో పొటెన్షియోమీటర్ల ఊసే లేదు. కదలికని కాంతితో చూసి, అంకెలుగా మార్చి పంపుతుంది. పైగా నా రకానికి యూఎస్‌బీ మాట్లాడే తెలివి స్టిక్‌లోనే ఉంది. పోయిన ఒరిజినల్ ముక్కలో ఉన్నవి ఉత్త తీగలే! అంటే చిప్ ఉన్న ఖరీదైనది నాకు పనికిరానిది, చిప్ లేనిదే నాక్కావలసినది.

దీనికి తలకిందులు కేసూ ఉంది. పాత సీహెచ్, థ్రస్ట్‌మాస్టర్ అనలాగ్ స్టిక్‌లకి నేను కొన్న చిప్ రకమే కావాలి, ఉత్త తీగల ముక్క పెడితే ఉలకదు పలకదు. అందులోనూ సీహెచ్ ఫ్లైట్‌స్టిక్ ప్రో పైనుండే హ్యాట్‌తో (బొటనవేలితో నాలుగు వైపులకీ తోసే చిన్న మీట) జాగ్రత్త, అది నాలుగు బటన్లలో కొన్నిటినో అన్నిటినో కలిపి నొక్కినట్టు సంకేతం పంపుతుంది. సాదా అడాప్టర్‌కి అది తెలియక ఒకేసారి రెండు మూడు బటన్లు నొక్కినట్టు చూపించవచ్చు. ఇక సంగీత వాయిద్యాలని కంప్యూటర్‌కి కలిపే మిడి కేబుల్‌కీ ఇదే 15 పిన్నుల కనెక్టర్. కీబోర్డు వాయించేవాళ్ల కేబుల్‌ని జాయ్‌స్టిక్ కేబుల్ పేరుతో పెట్టినవాళ్లనీ చూశాను. గేమ్‌పోర్ట్ ఉన్న పాత సౌండ్ కార్డు దొరికితే చాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, విస్టా నుంచి విండోస్ గేమ్‌పోర్టుని వదిలేసింది.

నా స్టిక్ ఎలా బతికిందంటే, విజయవాడలో ఫ్రెండ్ దగ్గర ఇదే మోడల్ ఒరిజినల్ ముక్కతో సహా ఉంది. వీడియో కాల్లో మల్టీమీటర్ పెట్టి యూఎస్‌బీ వైపు ఏ పిన్ను ఇటు ఏ పిన్నుతో కలుస్తుందో ఒక్కొక్కటే బీప్ కొట్టించి రాయించాను. కోఠీ గుజరాతీ గల్లీలో 15 పిన్నుల ఫిమేల్ కనెక్టర్ అడిగితే ముందు వీజీఏది చేతిలో పెట్టారు. దానికి మూడు వరసలు, మనకి కావలసింది రెండు వరసలది, ఎనిమిదీ ఏడూ. నలభై రూపాయలు. పాత యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కోసి టంకం పెట్టాను. స్టిక్ లేచింది!

పిన్ నంబర్లు మాత్రం కావాలనే ఇవ్వట్లేదు. ఒక్కటి తప్పినా 5 వోల్టులు పోకూడని చోటికి పోతాయి, స్టిక్కో మదర్‌బోర్డు పోర్టో కాలుతుంది. ఒరిజినల్ ముక్క దగ్గర పెట్టుకుని మీరే కొలుచుకోండి. అది దొరకకపోతే ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో చేసే ఓపెన్ సోర్స్ అడాప్టర్లున్నాయి, వాటిల్లో సైడ్‌వైండర్ భాష తెలిసినవీ ఉన్నాయి. మీ మోడల్ పేరు వాటి జాబితాలో కనిపిస్తేనే దిగండి.

నల్లబొట్టు అడాప్టర్ ఇంకా నా దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో అనలాగ్ స్టిక్ ఉన్నవాళ్లెవరైనా వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులొద్దు. సీడీ కూడా తీసుకెళ్లాలి, అదొక్కటే షరతు.