బయటిదేశం దుడ్డు ఏ దారిలో తెప్పించుకుంటే మేలు?

తిరుపతిలో ఇంట్లో కూర్చునే అమెరికా, ఆస్ట్రేలియా కంపెనీలకు వెబ్‌సైట్లు, యాప్‌లు చేసిచ్చే పిల్లలు భవానీనగర్‌లోనూ ఉన్నారు, కొర్లగుంటలోనూ ఉన్నారు. పని పట్టడం వాళ్లకు బాగా తెలుసు. చేసిన పనికి దుడ్డు తెప్పించుకునే దగ్గరే నష్టపోతున్నారు, అదే నా బాధ.

కొత్త క్లయింటైతే క్లయింట్లనూ పనిచేసేవాళ్లనూ ఆన్‌లైన్లో కలిపే అప్‌వర్క్ లాంటి ప్లాట్‌ఫారమే మేలు. ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి క్లయింటు సొమ్ము ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా మధ్యలో ఆపి ఉంచే ఖాతాలో పడుతుంది కాబట్టి ఎగ్గొడతాడన్న భయం తక్కువ. కమీషన్ మాత్రం బరువే. 2023లో 10 శాతం చేశారు, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు 0 నుంచి 15 శాతం మధ్య ఎంతైనా పడొచ్చు. పైగా అక్కడ పరిచయమైన క్లయింటును రెండేళ్లలోపు బయటికి తెచ్చుకోవాలంటే విడిగా ఫీజు కట్టాలి.

పేపాల్ సులువే, కానీ నాకు నచ్చదు. 4.4 శాతం ఫీజు పోగా మారకం రేటులోనూ కొంత కోత పెడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, డబ్బు కట్టినవాడు 180 రోజుల దాకా ఫిర్యాదు చేయొచ్చు. వస్తువైతే పంపిన రసీదు చూపిస్తాం. కోడ్ రాసిచ్చామని నిరూపించడం కష్టం.

నమ్మకం కుదిరిన క్లయింటుకు నా ఓటు నేరుగా బ్యాంకు వైర్‌కే, అంటే వాళ్ల బ్యాంకు నుంచి మన బ్యాంకు ఖాతాకు పంపించుకోవడానికే. ఎంత పంపినా దాని ఖర్చు ఇంచుమించు ఒక్కటే. దారిలో బ్యాంకులన్నీ కలిసి 30 డాలర్లు పట్టుకున్నాయనుకోండి. 200 డాలర్ల బిల్లుకు అది దండగే. 2,000 డాలర్లకైతే ఒకటిన్నర శాతం. అదే బిల్లుకు పేపాల్ ఫీజే 88 డాలర్లు. ఊళ్లో ప్రతి బ్రాంచీలోనూ ఫారెక్స్ (విదేశీ మారకం) పని చేయరు, చేసే బ్రాంచీ ఏదో ముందే కనుక్కోండి. సొమ్ము దేనికి వచ్చిందో బ్యాంకుకు చెప్పే పర్పస్ కోడ్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. సొమ్ము పడ్డాక, బయటినుంచి జమైందని బ్యాంకు ఇచ్చే ఫిరా పత్రం అడిగి తీసుకుని దాచిపెట్టండి. విదేశీ మారకంలో వచ్చిందనడానికి అదే రుజువు.

ఏ దారిలో తెచ్చుకున్నా జీఎస్టీ సంగతి మరవొద్దు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఎగుమతి బిల్లులూ ఆ లెక్కలోకే వస్తాయి. సేవల ఎగుమతికి పన్ను సున్నానే. అయితే ప్రతి ఆర్థిక సంవత్సరం ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) వేయాలి. వేయకపోతే ముందు పన్ను కట్టి, తర్వాత రీఫండ్ కోసం తిరగాలి.

వైర్‌కు మారాక చిన్న చిన్న బిల్లులు పంపకండి. క్లయింటుతో మాట్లాడి, నెల పనంతా ఒకే ఇన్వాయిస్‌లో వేయండి.