బీమా చాట్‌బాట్: ఓదార్పు పుష్కలం, జవాబు కరువు

మా ఆరోగ్య బీమా కంపెనీ (పేరు ఎందుకులెండి) ఇప్పుడు వాట్సాప్‌లో చాట్‌బాట్‌ను ముందు నిలబెట్టింది. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తుంది. క్లెయిముకు కావలసిన కాగితాల జాబితా తప్పుల్లేకుండా చెబుతుంది. అంతవరకు మెచ్చుకోవలసిందే.

"అమ్మను డిశ్చార్జి చేశారు, బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నాను, అనుమతి ఎప్పుడు వస్తుంది?" అని రాశాను. "ఈ కష్టకాలంలో మీ బాధ మాకు అర్థమైంది" అంటూ చేతులు జోడించిన బొమ్మ పంపి, అప్పటికే ఇచ్చిన పాలసీ నంబరు మళ్లీ అడిగింది. నగదు రహిత ఆసుపత్రుల పట్టిక అడిగినా అదే వాక్యం, అదే బొమ్మ! పెళ్లికీ తద్దినానికీ ఒకే మంత్రం చదివినట్టుంది.

మానసిక ఆరోగ్య సంభాషణలను పరిశీలించిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో సహానుభూతిని మూడుగా విడదీశారు: ఆత్మీయత చూపడం, అవతలివారి పరిస్థితి అర్థమైందని తెలపడం, చెప్పనిది తెలుసుకోవడానికి ప్రశ్న వేయడం. ఈ బాట్ మొదటి మెట్టు దాటలేదు. బాట్‌లకు సహానుభూతి నేర్పేందుకు ఫేస్‌బుక్ పరిశోధకులు 2019లో ప్రచురించిన సుమారు 25,000 ఇంగ్లీషు సంభాషణల్లో 32 రకాల భావాలున్నాయి. ఒకరు తమ అనుభవం చెబుతారు, మరొకరు వింటారు. స్నేహితుల మధ్య అది చాలు. కౌంటర్ ముందు నిలబడ్డవారికి మాత్రం ఫైలు కదిలించేవారు కావాలి.

చివరికి బాట్ బదులు కంపెనీ మనిషి ఒకావిడ దొరికారు. "అమ్మగారికి ఎలా ఉందండీ? సమ్మరీలో తేదీ కనబడడం లేదు, మళ్లీ ఫొటో తీసి పంపండి" అన్నారు. పని అయింది.

అయిదుకు రెండు నక్షత్రాలు. ఒకటి కాగితాల జాబితాకు, ఒకటి ఆ మనిషికి. ఆవిడను చేరే మీట మెనూలో అట్టడుగున ఉంది, వెతుక్కోండి.