గ్వాంగ్‌జుకు రెండు రోజులు, 518 నంబరు బస్సులో

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని యోంగ్‌సాన్ స్టేషన్‌లో వేగరైలు ఎక్కితే దాదాపు రెండు గంటల్లో గ్వాంగ్‌జు సొంగ్‌జొంగ్ స్టేషన్‌లో దిగవచ్చు. ఎక్స్‌ప్రెస్ బస్సు చవకే గాని మూడున్నర గంటలు పడుతుంది. 2024 మే నెల చివరి వారంలో, 1980 మే 18న ఇక్కడ మొదలైన ప్రజా తిరుగుబాటు సంస్మరణ సభల రద్దీ తగ్గాక, నేనూ మా అన్నయ్యా రైలులోనే వెళ్లాము. స్టేషన్ కిందనే మెట్రో ఉన్నందున నగరం నడిబొడ్డుకు చేరడం సులువు.

గుమ్‌నమ్‌నో వీధి వెనుక సందులో ఒక చిన్న మోటెల్‌లో దిగాము. గది శుభ్రంగానే ఉంది గాని, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. అర్ధరాత్రి దాటినా పక్కనున్న పాటల గదుల హోరు తగ్గలేదు. అయినా మళ్లీ వెళితే ఆ వీధి దగ్గరే దిగుతాను, ఎందుకంటే చూడవలసినవి చాలావరకు నడక దూరంలో ఉన్నాయి.

1979 డిసెంబరులో సైన్యాన్ని చేజిక్కించుకున్న సైనికాధికారి చున్ దూ హ్వాన్, 1980 మే 17న సైనిక శాసనాన్ని దేశమంతటికీ విస్తరించగా, మరునాడు ఇక్కడి విద్యార్థులు ఎదురు తిరిగారు. మే 21న ఈ వీధి చివర, ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం ముందు, సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. మే 27 తెల్లవారుజామున అదే భవనంలో చివరిదాకా నిలిచినవారిని చంపి నగరాన్ని తిరిగి పట్టుకుంది. అధికారిక లెక్కలోనే 160 మందికి పైగా పౌరులు మరణించారు. మేము వెళ్లినప్పుడు ఆ భవనంలో పునరుద్ధరణ పనులు జరుగుతున్నందున బయటి నుంచే చూశాము.

ఒక్క పూటే ఉంటే గుమ్‌నమ్‌నోలోనే ఉన్న జొనిల్ భవనం 245కు వెళ్లండి. ప్రవేశం ఉచితం. పదో అంతస్తులో స్తంభాల మీద, నేల మీద ఆనాటి తూటా గుర్తులను అలాగే ఉంచారు; హెలికాప్టర్ నుంచి కాల్చలేదని సైన్యం ఎన్నేళ్లు చెప్పినా, పై నుంచి కిందికి వాలిన ఆ రంధ్రాలు మరోలా చెబుతాయి. మొదట లెక్కకు వచ్చిన గుర్తులు 245, ఆ భవనం వీధి నంబరూ అదే. అదే వీధిలోని, ఆ తిరుగుబాటు పత్రాల భాండాగారంలో పాఠశాల పిల్లల డైరీ ఒకటి ఉంది. ఈ పత్రాలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఫోన్‌లో అనువాద యాప్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ నగరం పేరిట ఇచ్చే మానవ హక్కుల పురస్కారం 2007లో మణిపుర్‌కు చెందిన ఇరోం షర్మిలకు కూడా దక్కిందని అన్నయ్య గుర్తు చేశాడు.

భోజనానికి జుమొక్‌బాప్ తిన్నాము, అంటే పిడికిలి అన్నం. ఆ రోజుల్లో సంతల్లోని స్త్రీలు ఇలాంటి ముద్దలు చుట్టి పోరాడేవారికి పంచారు. శాకాహారులు లోపల ఏముందో అడిగి మరీ తినాలి. నాకు వచ్చిన ముద్దలో చేప ఉంది.

రెండో రోజు, మే 18ని గుర్తు చేసే 518 నంబరు బస్సులో, ఆ తిరుగుబాటు మృతుల జాతీయ స్మారక శ్మశానానికి వెళ్లాము. బస్సు వేళలు ముందే చూసుకోవడం మంచిది. 1997లో పూర్తయిన ఈ ప్రాంగణం విశాలమైనది, పచ్చికతో, ఎత్తయిన స్తంభంతో తీర్చిదిద్దినట్లు ఉంటుంది. శవం దొరకనివారి పేర్లతోనూ శిలలు నిలిపారు. అయితే నాకు రాజ్యం కట్టిన ఈ స్మారకం కన్నా, నడిచి వెళ్లగల దూరంలోని మాంగ్‌వోల్‌దోంగ్ పాత శ్మశానమే ఎక్కువ చెప్పింది. 1980లో చెత్త లారీల్లో తెచ్చిన శవాలను పూడ్చింది ఇక్కడే. సమాధులను వేరే చోటికి తరలించమని అధికారులు ఒత్తిడి చేసిన ఏళ్లలోనూ జనం ఇక్కడికి వస్తూనే ఉన్నారు.

దాని దారిలో నేలలో పాతిన ఒక రాయి ఉంది. 1982లో, అప్పటికి దేశాధ్యక్షుడైన చున్ దూ హ్వాన్ దగ్గరలోని పల్లెలో బస చేసినందుకు చెక్కించిన శిలను 1989లో పగలగొట్టి, వచ్చేవారు తొక్కి వెళ్లేలా ఇక్కడ పాతారు. కాగితానికి కాలు తగిలినా కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగిన మా అన్నయ్య, అక్షరాలున్న ఆ రాయి ముందు ఆగిపోయాడు. వెనుక వస్తున్న ఒక వృద్ధురాలు అతని తటపటాయింపు చూసి, ఏమీ అనకుండా తానే ముందు నడిచి, రాయి మీద రెండు కాళ్లూ ఆనించి ఒక్క క్షణం నిలబడి, చేత్తో రమ్మని సైగ చేసింది.