పల్లవి పట్టుకుని లాగితే ట్రాకులన్నీ కదిలాయి: రీపర్ వాడాక నా మాట

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద గదే నా స్టూడియో, భక్తి పాటలు, ప్రైవేట్ ఆల్బమ్స్ చేస్తుంటా. రీపర్ (కంప్యూటర్‌లో పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేర్) ఎలా ఉంది అని చాలామంది అడుగుతున్నారు, మిక్సింగ్ సంగతి పక్కన పెట్టి పాటలో ఏ భాగం ముందు, ఏది వెనక అనే వరస మార్చుకోవడం ఒక్కటే చెప్తా, ఎందుకంటే నాకు ఇది నచ్చింది అక్కడే.

దసరాకి అమ్మవారి పాట చేశాం, టెంపో నిమిషానికి 96 బీట్లు, పల్లవి 16 బార్లు (నాలుగు బీట్లకి ఒక బార్) అంటే సరిగ్గా 40 సెకన్లు. పాడిన తమ్ముడు విజయవాడ నుంచి వచ్చి అంతా విని "అన్నా, ఇంద్రకీలాద్రి ఎక్కే మాట రెండో చరణంలో ఉంది కదా, అదే ముందు పడితే బాగుంటుందేమో" అన్నాడు. అప్పటికి 34 ట్రాకులు (ఒక్కో వాయిద్యం, గొంతు విడివిడిగా రికార్డ్ చేసిన వరసలు) అయిపోయాయి. ఇంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్‌లో (పేరెందుకులెండి) ఈ మాట వింటే గుండె జారేది, డోలక్ ఒకచోట కోరస్ ఒకచోట మిగిలిపోయి తెల్లారేదాకా వెతుక్కోవడమే.

రీపర్‌లో పాట ముక్కని సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఆర్ కొడితే రీజియన్ అయిపోద్ది, పల్లవి, బీజీఎం 1, చరణం 1 అని పేర్లు పెట్టుకోవచ్చు. పైన రూలర్‌లో (టైమ్, బార్లు చూపించే గీతలో) ఆ రీజియన్ పట్టీని పట్టుకుని లాగితే కింద అన్ని ట్రాకుల్లో ఉన్నదీ దాంతోపాటే వస్తుంది, కంట్రోల్ నొక్కి లాగితే కాపీ. ఇంకా మంచిది ఏంటంటే ఎస్‌డబ్ల్యూఎస్ అని ఫ్రీ ఎక్స్‌టెన్షన్ ఉంది, అందులో రీజియన్ ప్లేలిస్ట్‌లో వరస మార్చి రాసుకుంటే అసలు ప్రాజెక్ట్‌ని ముట్టుకోకుండానే కొత్త వరసలో వినిపిస్తుంది. తమ్ముడికి మూడు రకాలుగా వినిపించా, మూడోది వినగానే "ఇదే అన్నా" అన్నాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నేను రీజియన్లు సరిగ్గా బార్ గీత మీద గీశాను, కానీ తమ్ముడు "అమ్మా" అని అర బీట్ ముందే ఎత్తుకున్నాడు, చరణం జరిపాక ఆ మొదటి అక్షరం తెగి వినిపించింది. అన్‌డూ కొట్టి రీజియన్లన్నీ ఒక బీట్ ముందు నుంచి గీసుకున్నా, అన్నీ ఒకే కొలతలో ముందుకొచ్చాయి కాబట్టి తాళం ఎక్కడా తప్పలేదు. మన పాటల్లో ఎత్తుగడ సమం (తాళంలో మొదటి దెబ్బ) మీదే పడాలని లేదు కదా, అందుకే గీసే ముందు గొంతు ట్రాక్ ఒక్కటి సోలోలో పెట్టి వినండి.

తబలా, డోలక్ లాంటి సౌండ్స్ దీంతో రావు, విడిగా చూసుకోవాలి. స్టూడియో వన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలా భాగాలు జరుపుకోవడానికి అరేంజర్ ట్రాక్ ఉంది, అలవాటున్నవాళ్లు మారాల్సిన పనేం లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం 60 రోజులు అన్ని ఫీచర్లతో రీపర్ ట్రయల్ వాడుకోండి, తర్వాత సొంతానికైతే లైసెన్స్ 60 డాలర్లు, వెర్షన్ 7లో కొన్నది 8.99 దాకా పనిచేస్తుంది.