ఒకే ఇంట్లో రెండు మూడు షాపులున్నాయా? హనుమకొండ పీఎఫ్ కన్సల్టెంట్ దగ్గర మా అనుభవం

మాది వరంగల్ జేపీఎన్ రోడ్డులో చీరల షాపు, తమ్ముడి పేరు మీద హనుమకొండలో రెడీమేడ్ షాపు, మా ఆవిడ పేరు మీద మగ్గం వర్క్ యూనిట్. పనివాళ్లు తొమ్మిది మంది, ఎనిమిది మంది, ఏడుగురు. ఎక్కడా 20 మంది లేరు కాబట్టి పీఎఫ్ జోలికి పోనక్కర్లేదని మార్కెట్లో ఎవర్నడిగినా చెప్తారు. హనుమకొండ చౌరస్తా దగ్గరున్న ఈ కన్సల్టెంట్ మాత్రం జీఎస్టీ నంబర్లు వేరు, లైసెన్సులు వేరు అంటే ఒప్పుకోలేదు, ముందు మూడింటి జీతాల రిజిస్టర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెమ్మన్నారు.

అన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి పెన్సిల్‌తో సున్నాలు చుట్టారు. మూడింటికీ గుమాస్తా ఒక్కడే. తమ్ముడి షాపు కరెంటు బిల్లు నా ఖాతాలోంచి పోతుంది. బతుకమ్మ సీజన్ వస్తే మగ్గం అమ్మాయిలు చీరల కౌంటర్లో ఉంటారు. "అన్నా, పీఎఫ్ వాళ్లు చూసేది వీటినే" అన్నారు. 1952 నాటి పీఎఫ్ చట్టంలో 2ఏ సెక్షన్ ప్రకారం శాఖలు, విభాగాలు ఎక్కడున్నా అన్నీ కలిపి ఒకే సంస్థ. అలా కలిపితే మా పనివాళ్లు 24 మంది, 20 దాటినట్టే. చుట్టరికం ఉన్నంత మాత్రాన కలపరు, కానీ డబ్బు, మనుషులు, పెత్తనం కలిసిపోతే కలుపుతారు. 2011లో సుప్రీంకోర్టు గడోదియా కేసులో ఒకే కుటుంబం నడిపే రెండు కంపెనీల విషయంలో చెప్పింది ఇదేనట. జీతం 15,000 దాటినవాళ్లు కూడా 20 మంది లెక్కలోకి వస్తారని ఇక్కడే తెలిసింది.

నాకు బాగా నచ్చింది, భయపెట్టకుండా లెక్క వేసి చూపించడం. 12,000 జీతమైతే పనివాడి వాటా 1,440, మన వాటా 1,440, అందులో 1,000 పెన్షన్‌కు పోతుంది, పైన ఇన్సూరెన్సు, అడ్మిన్ చార్జీలు. అదే రేపు పీఎఫ్ వాళ్లే వచ్చి పాత తేదీ నుంచి కట్టమంటే పనివాడి వాటా కూడా మనమే కట్టాలి, పాత బాకీ పనివాళ్ల జీతంలో కోయడానికి లేదు, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, డ్యామేజీలు, అంటే జరిమానా, అదనం. పైగా ఒకసారి చట్టం కిందికి వచ్చాక మనుషులు తగ్గినా బయటపడలేం. మా కటింగ్ మాస్టర్ లాంటివాళ్లకు పదేళ్ల సర్వీసు నిండితేనే 58 తర్వాత పెన్షన్, అందుకే ఇంకా ఆలస్యం చేయొద్దని మూడింటినీ కలిపి ఒకే పీఎఫ్ కోడ్ (సంస్థకు ఇచ్చే నంబరు) తీసుకున్నాం.

లోపాలూ ఉన్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో ఒకలా ఉన్న అమ్మాయిల యూఏఎన్ (ఒక్కొక్కరికి ఇచ్చే పీఎఫ్ నంబరు) పని బాగా లాగింది, ఫోన్ చేస్తే ఆఫీసు కుర్రాడు "చూస్తాం సార్" అనడమే తప్ప ఏ కాగితం తక్కువైందో చెప్పడు. చలానా కట్టడానికి గడువు 15వ తేదీ, వీళ్లు 14 సాయంత్రం పంపుతారు, అదొక టెన్షన్. ఫీజు మొదట చెప్పినదానికంటే పెరగలేదు, అది మెచ్చుకోవాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరి పేరు మీద ఏమున్నా అన్నిటి రిజిస్టర్లూ పట్టుకెళ్లండి, ఒక్క షాపువి తీసుకెళ్తే వెనక్కి పంపుతారు.